అమ్మానాన్నలతో క్రూయిజ్ ఎక్కేముందు: ఇన్సూరెన్స్ జాగ్రత్తలు

అమెరికా వచ్చిన అమ్మానాన్నలను మయామీ నుంచి బహామాస్ ఓడ ఎక్కిస్తున్నారా? టికెట్ కొన్న రోజే ఇవి చూడండి.

☐ వాళ్లకు తీసుకున్న విజిటర్స్ ఇన్సూరెన్స్ సముద్రం మీద, బహామాస్‌లో చెల్లుతుందా? కొన్ని పాలసీలు అమెరికా దాటితే పనిచేయవు. ఫోన్లో అడిగి ఊరుకోకండి, ఈమెయిల్‌లో రాయించుకోండి.

☐ బీపీ, షుగర్, పాత స్టెంట్ ఏదీ దాచకండి. దాచిన జబ్బే క్లెయిమ్‌కు అడ్డం పడుతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు మినహాయింపు లేకుండా కవరేజీ కావాలంటే, చాలా అమెరికన్ ట్రిప్ ఇన్సూరెన్స్ పాలసీల్లో, క్రూయిజ్‌కు మొదటి డబ్బు కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపే పాలసీ కొనాలి. ఈ గడువు దాటనివ్వకండి.

☐ నడిసముద్రంలో గుండెనొప్పి వస్తే హెలికాప్టరో, ఎయిర్ అంబులెన్సో కావాలి. ఆ ఖర్చు పదుల వేల డాలర్లు. మెడికల్ ఎవాక్యుయేషన్ కవరేజీ కనీసం లక్ష డాలర్లు ఉండాలని నా గట్టి అభిప్రాయం. ప్రీమియం తగ్గుతుందని ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

☐ ఓడలో డాక్టర్ ఫీజు గది ఖాతాలో పడుతుంది. ముందు మీరే కట్టాలి. బిల్లు, డాక్టర్ రిపోర్టు దిగేముందే తీసుకోండి.

☐ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ల కాలం. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపానుకు వర్తించదు.

☐ విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఒకరోజు ముందే మయామీ చేరండి.