చెరువు తెలిసిన పిల్లలతో సముద్రానికి: బయల్దేరే ముందు జాగ్రత్తలు

మన వరంగల్ పిల్లలకు నీళ్లు కొత్త కాదు. రామప్ప కట్ట మీద నడిచినవాళ్లే, లక్నవరంలో పడవ ఎక్కినవాళ్లే, మత్తడి దూకుతుందంటే చూడ్డానికి మారాం చేసినవాళ్లే. "మావాడికి నీళ్లంటే భయమే లేదు" అని మనమూ మురిసిపోతాం. సముద్రం ఒడ్డున నాకు టెన్షన్ పెట్టేది ఆ మాటే. రెండు రోజుల కోసం బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల వైపో పోయొద్దామనుకుంటున్న, చిన్నపిల్లలున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఎప్పుడు పోవాలో చూసుకోండి. ఎండాకాలం సెలవులు పోతే మనకు పెద్ద సెలవులు దసరాకే. బతుకమ్మ ఆటలయ్యాక నాలుగు రోజులు మిగిలితే చాలు, టికెట్లు వెతుకుతాం. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. తుపాను ఎక్కడో దూరాన ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తున్నా పెద్ద అలలు వస్తాయి. అందుకే వాన కబురొక్కటే చూస్తే సరిపోదు. ఇన్‌కాయిస్ (INCOIS) వెబ్‌సైట్‌లో ఎత్తైన అలల హెచ్చరిక ఉందేమో కూడా చూడండి. తమాషా ఏంటంటే, దేశం మొత్తానికి సముద్రం కబురు చెప్పే ఆ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో.

కార్తీక పౌర్ణమి స్నానాలకు సూర్యలంక కిక్కిరిసిపోతుంది. పైగా పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. చంటిపిల్లలతో ఆ రోజుల్లో వద్దు. నన్నడిగితే సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పోవాలి. బడి రెండు రోజులు పోతే పోయింది.

కాజీపేట, వరంగల్ నుంచి విజయవాడ, తెనాలి మీదుగా చెన్నై వైపు పోయే రైళ్లన్నీ బాపట్లలో ఆగవు. బుక్ చేసేముందే చూసుకోండి. అక్కడి నుంచి సూర్యలంక దాదాపు 9 కిలోమీటర్లు. రాత్రంతా రైల్లో కూర్చుని, పొద్దున దిగి, సంచులతో సహా నేరుగా బీచ్‌కి పోవడం చాలామంది చేసే పని. అది వద్దు. నిద్రలేని కళ్లతో పిల్లల్ని కాయలేం. ముందు రూము, స్నానం, టిఫిను. దారిలోకి సకినాలు, సర్వపిండి, అటుకుల చుడువ ఉండనే ఉంటాయి. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ఒక లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి.

ఇక అసలు సంగతి, నీళ్లు. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు పోయాం. నీళ్లు వాడి మడమల దాకా కూడా లేవు, నేను ఫోటో తీస్తున్నాను. వాడి చెప్పు ఒకటి అలలో తేలిపోతుంటే దాని వెనకాలే ఉరికాడు. వెనక్కి మళ్లిన నీళ్లు కాళ్లకింది ఇసుకను లాగేశాయి, వాడు పడ్డాడు, ఇంకో అల మీదికొచ్చింది. మా బావ చొక్కా పట్టుకుని లేపాడు కాబట్టి సరిపోయింది. వాడు ఒక్క అరుపు కూడా అరవలేదు. మునిగేవాళ్లు చేతులూపి కేకలేస్తారనుకుంటాం. నీళ్లు మింగుతున్న పిల్లలకు అరవడానికి ఊపిరెక్కడిది? అప్పటినుంచి మా ఇంట్లో చెప్పులు, బంతులు సంచి దగ్గరే ఉంటాయి. నీళ్లలోకి ఏది కొట్టుకుపోయినా దాని వెంట పోవద్దని రైల్లోనే పదిసార్లు చెప్పిస్తాం.

పిల్లలు మోకాలి లోతు దాటొద్దు. మోకాలంటే వాళ్ల మోకాలు, మీది కాదు. అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే. గాలి నింపిన ట్యూబులు, బాతుబొమ్మలు ఇంట్లోనే వదిలేయండి. ఒడ్డు వైపు నుంచి గాలి వీస్తే అవి పిల్లల్ని కూర్చోబెట్టుకునే లోపలికి పోతాయి. నీలం, తెలుపు బట్టలు నీళ్లలో కలిసిపోతాయి, నారింజో ఎరుపో వేయండి.

పెద్దవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. చెరువు నిండితే నీళ్లు మత్తడి వెతుక్కుంటాయి కదా. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు కూడా అలాగే వెనక్కి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. రెండు పక్కలా అలలు విరిగి నురగ కక్కుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో నిదానంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవు, పిల్లలకు ఇదే బాగుంది" అని మనం దిగేది సరిగ్గా అక్కడే. దాన్నే రిప్ కరెంట్ అంటారు. గజ ఈతగాడినైనా లాక్కుపోతుంది. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. తేలుతూ, సాయం కోసం చెయ్యెత్తి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున కూర్చుని అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి. ఎక్కడ దిగొచ్చో అక్కడి జాలర్లను అడగండి. గజ ఈతగాళ్లో పోలీసులో కాపలా ఉన్నచోటే దిగండి, ఎర్రజెండా కనిపిస్తే అసలు దిగొద్దు.

ఆరుగురు పెద్దవాళ్లుంటే ప్రతి ఒక్కరూ మిగతా అయిదుగురు చూస్తున్నారనుకుంటారు. మేం ఒక ఎర్ర తువ్వాల పెట్టుకున్నాం. అది ఎవరి భుజం మీద ఉంటే వాళ్లదే కాపలా. వాళ్ల ఫోను ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఇరవై నిమిషాలకోసారి తువ్వాల చేతులు మారుతుంది. నానమ్మకు ఆ తువ్వాల ఇవ్వం. ఆమెకు కోపమొచ్చింది కానీ, ఇసుకలో ఉరకలేరు కదా. మందు తాగినవాళ్లకూ అంతే, ఇంకా ఖచ్చితంగా.

ఎండ గురించి మీకు తెలియంది లేదు. పదింటి నుంచి నాలుగింటి దాకా నీడ, నిండు చేతుల కాటన్ చొక్కా, టోపీ. ఇసుకలో గుంత తవ్వితే మోకాలి లోతుకు మించనివ్వొద్దు, పక్కలు విరిగి మీద పడతాయి. పడవలు లాగిపెట్టిన చోట గాలాలు, తాళ్లు ఉంటాయి, అటు ఆడనివ్వొద్దు. జెల్లీఫిష్ తగిలితే రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే మంట పెరగొచ్చు. పొద్దున బట్టలు వేయగానే పిల్లలకు ఒక ఫోటో తీసి, చేతి మీద పెన్నుతో మీ నంబరు రాయండి. తప్పిపోతే ముందు నీళ్ల వైపు వెతకండి, బజ్జీల బండ్ల వైపు తర్వాత.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు. తాడు, ఖాళీ డబ్బా, చీర, ఏది దొరికితే అది విసరండి. 112కి, 108కి ఫోన్ చేయమని ఒకరికి పని చెప్పండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో బావుల దగ్గర చూసే ఉంటారు. అవి చేయొద్దు. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఇవ్వాలి, ఛాతీ నొక్కాలి. ఇది చదివితే వచ్చేది కాదు. పోయేముందు ఇంట్లో ఒక్కరైనా తెలిసినవాళ్ల దగ్గర చేసి నేర్చుకోండి.

నీళ్లు మింగి దగ్గిన పిల్లలు కాసేపటికి మామూలుగా ఆడుకోవచ్చు. అయినా ఆ రోజంతా ఒక కన్నేసి ఉంచండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, వేళకాని వేళ మగతగా పడుకున్నా టికెట్ సంగతి వదిలేసి బాపట్లలోనే ఆసుపత్రికి పోండి. రైలెక్కాక అలా కనిపిస్తే 139కి ఫోన్ చేయండి, లేదా టీటీఈకి చెప్పండి. ఖమ్మం దాకా చూద్దాం, వరంగల్‌లో మన డాక్టరే ఉన్నాడు కదా అని ఆగొద్దు.