వయొలిన్ కీచుమంటోందా? వయసును తిట్టుకునే ముందు ఇవి చూడండి

కొత్త వయొలిన్, ఎంత లాగినా శబ్దమే లేదు
కమానుకి (వాయించే బో) రోజిన్, అంటే తీగని పట్టుకునేలా చేసే జిగురు బిళ్ల పొడి, పట్టించలేదు, అంతే. కొత్త కమాను వెంట్రుకలు నున్నగా ఉండి తీగ మీద జారిపోతాయి. కమాను చివర ఉన్న మర తిప్పి కర్రకీ వెంట్రుకలకీ మధ్య చిటికెన వేలు దూరేంత బిగించి, రోజిన్ బిళ్ల మీద మొదటిసారి ఓపిగ్గా ఐదారు నిమిషాలు రుద్దండి. బిళ్ల అద్దంలా మెరుస్తుంటే పొడి రాలదు, ముందు శాండ్ పేపర్‌తో కాస్త గీయాలి. వాయించాక మర వదులు చెయ్యడం మర్చిపోవద్దు.

శబ్దం వస్తోంది కానీ ఇంట్లోవాళ్లు తలుపులేసుకుంటున్నారు
ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి, మధ్య షడ్జం తీగ (అన్నిటికన్నా సన్న తీగ పక్కది) ఒక్కదాన్నే లాగి చూడండి. అప్పుడూ కీచుమంటే గొడవ కుడి చేతిదే, పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి ఇదే. మోచెయ్యి తెరుచుకోకుండా భుజం మొత్తం వెనక్కి వెళ్తుంటుంది, దాంతో కమాను వంకర తిరిగి బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క) మీదకో వేళ్ల పలక మీదకో జారిపోతుంది, అది ఆపడానికి ఇంకా గట్టిగా నొక్కుతారు, అరుపు ఇంకా పెరుగుతుంది. అద్దం ముందు కూర్చుని కమాను నడిమి భాగంతోనే, బ్రిడ్జికి సమాంతరంగా, శ్రుతి బాక్సు పెట్టుకుని నెమ్మదిగా లాగండి. సరళీ స్వరాలు ఓ వారం ఆగినా కొంపలేం మునగవు. అన్నట్టు, తలకి నూనె రాసుకున్న చేత్తో కమాను వెంట్రుకల్ని ముట్టుకుంటే ఆ చోట రోజిన్ పట్టదు.

శ్రుతి చేసిన పది నిమిషాలకే దిగిపోతోంది
కొత్త తీగలైతే సాగుతాయి, కొన్నాళ్లు భరించాలి. బిరడా (తీగని బిగించే చెక్క పిడి) గిర్రున వెనక్కి తిరిగిపోతుంటే, తిప్పేటప్పుడే లోపలికి నొక్కుతూ తిప్పండి, అప్పటికీ జారితే కాస్త సుద్దపొడి రాయండి. ఏసీ గదిలో చెక్క ఆరిపోయి బిరడాలు వదులవుతాయి, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటాయి. ఇంకో సంగతి: షాపులో పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసి ఇస్తారు. మన కర్ణాటక సంగీతానికి కావలసింది నాలుగు తీగలూ వరసగా స ప స ప, దానికి తీగల్ని మామూలుగా దించాలే గాని బిగించకూడదు. బిగిస్తే ముందు తెగేది సన్న తీగే.

మెడ, భుజం పట్టేస్తున్నాయి
నిలబడి వాయించే పాశ్చాత్య పాఠాల వీడియోలు చూసి, కింద కూర్చుని కూడా గడ్డంతో నొక్కి పడుతున్నారేమో. మన పద్ధతిలో వయొలిన్ తల కుడి పాదం మడమ దగ్గర ఆనుతుంది, బరువంతా అక్కడే. మఠం వేసుకోలేకపోతే పిరుదుల కింద చిన్న దిండు పెట్టుకోండి.

ఆన్‌లైన్ క్లాసులో గురువుగారికి సగం స్వరాలు వినపడవు
మీరు బాగానే వాయిస్తున్నారు, జూమ్ యాప్ మీరు సాగదీసి వాయించే స్వరాల్ని ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తోంది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చెయ్యండి.