కాకతీయుల చరిత్రలో ఏ రుద్రుడు ఎవరో తేల్చుకోవడం ఎలా?

వేయిస్తంభాల గుడి ప్రతాపరుద్రుడు కట్టించాడు అని చదివి, ఢిల్లీ సైన్యానికి పట్టుబడ్డ ప్రతాపరుద్రుడే అనుకునేవాళ్లు చాలామంది. గుడి 1163 నాటిది, ఆయన పట్టుబడింది 1323లో. కట్టించింది రుద్రదేవుడు, కొన్ని పుస్తకాలు ఆయన్నే మొదటి ప్రతాపరుద్రుడు అంటాయి, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అందుకే శాసనంలో పేరు కనపడగానే ముందు శక సంవత్సరం వెతకండి. దానికి 78 కలిపితే క్రీస్తు శకం సంవత్సరం వస్తుంది, తిథి పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఉంటే మాత్రం చాలాసార్లు 79 కలపాలి, ఎందుకంటే అప్పటికి జనవరి వచ్చేసి ఉంటుంది. వేయిస్తంభాల గుడి దగ్గరున్న హనుమకొండ శాసనంలో శకం 1084, చిత్రభాను, మాఘమాసం అని ఉంటుంది, అంటే 1163 జనవరి. చిత్రభాను లాంటి సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి అదొక్కటే పట్టుకుని తేల్చేయకండి, శకం అంకె సరిగ్గా చదివామా లేదా అని సరిచూసుకోవడానికి వాడుకోండి.

తర్వాత తల్లిదండ్రులెవరో చూడండి. రుద్రదేవుడు రెండో ప్రోలరాజు కొడుకు, గణపతిదేవుడికి పెదనాన్న. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు, చివరి ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాలి: రుద్రమదేవిని కొన్ని శాసనాలు రుద్రదేవ మహారాజు అనే అంటాయి. మగపేరు చూసి రాజు అనుకుంటే ఆమె చేసిన పని వేరేవాళ్ల ఖాతాలో పడిపోతుంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. శకం 1180ల నుంచి 1211 లోపు రుద్రదేవ మహారాజు కనిపిస్తే మొదట ఆమెనే అనుకోండి. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమెకు శివలోక ప్రాప్తి కలగాలని వేయించింది, అది శకం 1211 నాటిది, అంటే 1289.

రాజు కాని రుద్రుడు కూడా ఉన్నాడు. పాలంపేట రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాపతి. శకం 1135, అంటే 1213. కాబట్టి రుద్రుడు అన్న మాటకు ముందు ఇంటిపేరు గానీ వంశం పేరు గానీ ఉందేమో చూడకుండా కాకతీయ రాజు అని రాసేయొద్దు.

కృష్ణదేవరాయలతో యుద్ధం, కొండపల్లి, ఉదయగిరి అనే మాటలు పక్కనే కనిపిస్తే మాత్రం ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఆ ప్రతాపరుద్రుడు ఒడిశా గజపతి, పదహారో శతాబ్దం వాడు, ఓరుగల్లు కాకతీయుల వంశానికి చెందినవాడు కాదు.