పాత పేటకు వెళ్తే ముందు దారిని చూడండి

ఏ నగరానికి వెళ్ళినా నా కాళ్ళు ముందు పాత పేట వైపే లాగుతాయి. కట్టడాల మరమ్మతుల పనిలో ఇంజనీరుగా ఉన్నదాన్ని కాబట్టి, పాత గోడ కనిపిస్తే దాటి వెళ్ళలేను. వెంట వచ్చినవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "ఇక్కడ చూడాల్సినవి ఏమేం ఉన్నాయి?" ఒక బురుజు, ఒక ప్రార్థనాలయం, ఒక మ్యూజియం పేర్లు చెబితే చకచకా చూసేసి బయటపడొచ్చని వాళ్ళ తొందర. అలా చూస్తే పాత పేటను చూసినట్టే కాదని నా గట్టి అభిప్రాయం. అక్కడ అన్నిటికన్నా పాతది చాలాసార్లు బురుజు కాదు, మీరు నడుస్తున్న దారే. ఇళ్ళు కాలిపోతాయి, కూలిపోతాయి, చేతులు మారతాయి, పై అంతస్తులు లేస్తాయి. దారి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, ఎవరి హద్దులో వాళ్ళు మళ్ళీ కట్టుకుంటారు కాబట్టి.

లండన్ సంగతే చూడండి. 1666లో పెద్ద అగ్నిప్రమాదంలో నగరం నడిబొడ్డు బూడిదైపోయింది. వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ విశాలమైన తిన్నని వీధులతో కొత్త పటం గీసి ఇచ్చాడు. అది అమలు కాలేదు. కొన్ని వీధులు వెడల్పు చేశారు, చెక్కకు బదులు ఇటుకా రాయీ వాడాలని చట్టం చేశారు, కానీ జనం తమ తమ స్థలాల్లోనే ఇళ్ళు లేపుకున్నారు. అందుకే ఈనాటికీ అక్కడ అద్దాల ఆఫీసు భవనాల మధ్య మధ్యయుగాల సందుల్లో నడుస్తాం.

అందుకని వెళ్ళే ముందు రోజు రాత్రి ఒక పని చేయండి. ఫోనులో ఆ పేట మ్యాపు తెరిచి, పేర్లు మాయమై గీతలు మాత్రమే మిగిలేంతవరకూ దూరం జరపండి. కాసేపు ఆ గీతలనే చూడండి. గీతలు తిన్నగా ఒకదాన్నొకటి కోసుకుంటుంటే ఎవరో కూర్చుని పటం గీసి కట్టించిన భాగం. వంకరటింకరగా ఉంటే ఇళ్ళు ముందు వచ్చి, దారి వాటి మధ్య మిగిలిన భాగం కావచ్చు. పేట చుట్టూ ఒక వెడల్పాటి రోడ్డు వంపు తిరిగి ఉంటే అక్కడ ఒకప్పుడు కోటగోడ ఉండేదేమో వాకబు చేయండి. వియన్నాలో 1857లో చక్రవర్తి ఫ్రాన్జ్ జోసెఫ్ ఆజ్ఞతో గోడలు పడగొట్టి, ఆ స్థలంలోనే రింగు రోడ్డు వేశారు.

రోమ్‌లో నవోనా చౌరస్తా పొడుగ్గా ఉండి ఒక కొస గుండ్రంగా తిరుగుతుంది. మొదటి శతాబ్దంలో డొమీషియన్ చక్రవర్తి ఆటల కోసం కట్టించిన స్టేడియం ఆకారం అది. ప్రేక్షకులు కూర్చునే వరుసల శిథిలాల మీదే తర్వాతి తరాలు ఇళ్ళు కట్టుకున్నాయి, మధ్యనున్న మైదానం ఖాళీగా మిగిలింది. చాలామంది చౌరస్తాలో ఫౌంటెన్ ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఆ గుండ్రటి కొస వెనక్కి వెళ్ళి చూస్తే వీధి మట్టానికి బాగా కింద పాత స్టేడియం కమానులు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళలో నేల ఎంత పైకి లేచిందో అక్కడ కళ్ళారా చూడొచ్చు.

రెండు రకాల దారులు పక్కపక్కనే ఉన్నచోట నిలబడగలిగితే మరీ మంచిది. లిస్బన్‌లో 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం కింది పట్టణాన్ని నేలమట్టం చేసింది. దాన్ని మంత్రి పొంబాల్ హయాంలో గళ్ళు గీసినట్టు తిన్నని వీధులతో కట్టారు. గోడల లోపల కర్రల చట్రం పెట్టి, భూమి కదిలినా ఇల్లు ఊగి నిలిచేలా చేశారు. పక్క కొండ మీది అల్ఫామా పేట చాలావరకు మిగిలింది, దాని పాత సందులూ మెట్లూ అలాగే ఉండిపోయాయి. ఒక పూట కింద, ఒక పూట పైన నడవండి. ఏ గైడూ వివరించాల్సిన అవసరం ఉండదు.

దారి తప్పితే

పాత పేటలో దారి తప్పడం ఖాయం. ఇరుకు సందుల్లో ఫోనులోని నీలం చుక్క ఒక వీధి నుంచి ఇంకో వీధికి గెంతుతూ ఉంటుంది. రెండు వైపులా ఎత్తయిన గోడలుంటే శాటిలైట్ సంకేతాలు సరిగ్గా అందవు మరి. అలాంటప్పుడు వాలును నమ్ముకోండి. మొరాకోలోని ఫెస్ పాత నగరంలో వాహనాలు తిరగవు, సామాన్లు కంచర గాడిదల మీద పోతాయి. అక్కడ పడమటి వైపు బూజ్లూద్ గేటు నుంచి రెండు ముఖ్యమైన వీధులు దిగుడుగా కరవియ్యిన్ మసీదు వైపు పోతాయి. కిందికి నడిస్తే పేట నడిమికి చేరతారు, పైకి నడిస్తే గేటుకు. వెనక నుంచి "బాలక్! బాలక్!" అని కేక వినపడితే ఆలోచించకుండా గోడకు ఒదిగిపోండి. మూటలు మోసే జంతువు వస్తోందన్నమాట.

ఇక్కడే ఇంకో సంగతి. పాత పేటల్లో కొస మూసుకుపోయే సందు వీధి లాంటిది కాదు. చాలాచోట్ల అది అందులో ఉండేవాళ్ళ ఉమ్మడి వాకిలి. ఇస్లామిక్ న్యాయంలో బారుగా సాగే వీధి అందరిదీ, మూసుకుపోయే సందు దాని ఇళ్ళవాళ్ళది అనే భేదం స్పష్టంగా ఉంది. అహ్మదాబాద్‌లో పోల్ అనే ఇళ్ళ గుంపులకు ప్రవేశంలోనే గేటు ఉంటుంది. లోపల స్తంభం మీద పక్షులకు గింజలు వేసే చబూత్రా కనిపిస్తుంది. ఆ నగరాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చాక చూసేవాళ్ళ రాక పెరిగింది కానీ, గేటు లోపల ఇప్పటికీ సంసారాలే ఉన్నాయి. సందు మొదట్లో ఎవరైనా కూర్చుని ఉంటే "లోపలికి వెళ్ళి చూడొచ్చాండీ?" అని ఒక మాట అడగండి. వద్దంటే అక్కడి నుంచే తిరిగి వచ్చేయండి.

ఆ ఒక్క మాట అడగనివాళ్ళ వల్లే తలుపులు మూసుకుపోతున్నాయి. క్యోటోలోని గియోన్ పేటలో గెయిషాలనే సంప్రదాయ కళాకారిణుల వెంటపడి ఫోటోలు తీసే జనాన్ని భరించలేక, 2024లో అక్కడివాళ్ళు తమ సొంత సందుల్లోకి యాత్రికులు రాకూడదని బోర్డులు పెట్టారు. మీరితే 10,000 యెన్ల జరిమానా. నాకు ఆ వార్త చదివి వాళ్ళ మీద కోపం రాలేదు. తెరిచి ఉన్న తలుపు, ఆరేసిన బట్టలు, అరుగు మీద కునుకు తీస్తున్న ముసలాయన, ఇవి మనం ఫోటో తీసుకోవడానికి పెట్టినవి కావు.

తల పైకెత్తండి

కింది అంతస్తు దుకాణాలది. బోర్డులు, షట్టర్లు, ఏసీ డబ్బాలు దాన్ని ఎప్పుడో మింగేసి ఉంటాయి. ఇంటి అసలు వయసు పై అంతస్తుల్లో కనిపిస్తుంది. అందుకే నేను ఎప్పుడూ వీధికి ఎదురు వైపు నిలబడి చూస్తాను. ఇంటి కిందే నడిస్తే ఏమీ కనపడదు.

పైన ఏం వెతకాలి? మొదటిది, గోడ మీద ఇనుప ముక్కలు. ఎస్ ఆకారంలోనో, ఇంటూ గుర్తులాగానో, గుండ్రటి పళ్ళెంలాగానో ఉంటాయి. అలంకారం అనుకుంటారు చాలామంది. ఆ ముక్క వెనక ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. అది లోపలి దూలాన్ని పట్టుకుంటుంది, లేదా ఇంటి మధ్యగా అవతలి గోడ దాకా పోతుంది. గోడ బయటికి ఉబ్బకుండా లాగి పట్టి ఉంచేది అదే. ఒకే ఇంటి మీద కొత్త రకం ముక్కలు ఎక్కువగా కనిపిస్తే గోడ కదలడం మొదలయ్యాక బిగించారేమో అనుకోవచ్చు. పక్క నుంచి ఒక కన్ను మూసి గోడ అంచు వెంట చూడండి, ఉబ్బు ఉంటే తెలిసిపోతుంది.

రెండోది, మూసేసిన కిటికీలు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన పన్ను వేశారు. పన్ను తప్పించుకోవడానికి చాలామంది కిటికీలను ఇటుకలతో పూడ్చేశారు. అయితే మూసిన కిటికీ కనపడ్డ ప్రతిచోటా ఈ కథ చెప్పకండి. ముందు వైపు వరుస కుదరాలని మొదటి నుంచీ ఉత్తుత్తి కిటికీ కట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. పూడ్చిన ఇటుకలు చుట్టుపక్కల ఇటుకల్లో అతికాయా, లేక వేరే రంగులో, వేరే కొలతలో ఉన్నాయా చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ కాలువల పక్క ఇళ్ళకు శిఖరాన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, దానికి కొక్కెం ఉంటుంది. లోపలి మెట్లు మరీ ఇరుకు కాబట్టి సామానంతా తాడుతో కిటికీలోంచి ఎక్కించేవాళ్ళు, ఇప్పటికీ ఎక్కిస్తున్నారు. అక్కడే కొన్ని ఇళ్ళ మీద చెక్కిన రాతి పలకలు చూడండి. ఇంటి నంబర్లు రాకముందు ఆ బొమ్మే చిరునామా. నంబర్లలోనూ చరిత్ర ఉంది. పారిస్‌లో 1805లో పెట్టిన పద్ధతి ప్రకారం సెన్ నది వైపు నుంచి మొదలయ్యే వీధిలో నది నుంచి దూరం జరిగేకొద్దీ నంబరు పెరుగుతుంది, సరి సంఖ్యలు కుడి చేతి వైపు. ఇది తెలిస్తే నది ఎటుందో ఎవరినీ అడగక్కర్లేదు. వెనిస్‌లో మాత్రం ఒక్కో పేటకూ ఒకటే వరస, వేలల్లోకి పోతుంది. అక్కడ నంబరును నమ్ముకుని ఇల్లు వెతకబోకండి.

ఒక గోడ దగ్గర ఆగండి

రోజంతా తిరిగినా ఏదో ఒక్క గోడ దగ్గర పది నిమిషాలు నిలబడమంటాను. దగ్గరికి వెళ్ళండి, ముట్టుకోవద్దు. ఇటుకకూ ఇటుకకూ మధ్య అతుకు చూడండి. అతుకు తెల్లగా, కాస్త గరుకుగా, ఇటుక అంచుకు లోపలికి ఉంటే అది సున్నం అయ్యుండొచ్చు. అతుకు బూడిద రంగులో గట్టిగా ముందుకు పొడుచుకొచ్చి, ఇటుకే లోపలికి అరిగిపోయి ఉంటే, ఎవరో మరమ్మతు పేరుతో సిమెంటు కూరారన్నమాట. సున్నం తేమను పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. తేమ అతుకులోంచి బయటికి పోలేక మెత్తటి ఇటుకలోంచే పోతుంది, పోతూ పోతూ ఉప్పును ఇటుక ముఖం మీద వదులుతుంది. ఉప్పు గట్టిపడుతూ ఇటుకను పొడిగా రాల్చేస్తుంది. గోడ మొదట్లో ఆ ఎర్రటి పొడి కుప్పగా పడి ఉంటుంది. వందల ఏళ్ళు నిలిచిన గోడ నాలుగు సిమెంటు బస్తాల దయవల్ల ఒక తరంలో తినేయబడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీ సొంత పాత ఇల్లు ఉంటే ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి: సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు.

పాతగా కనిపించేదంతా పాతది కాదు, దాన్ని బట్టి విలువ తగ్గదు కూడా. బార్సిలోనా గోథిక్ పేటలో జనం విరగబడి ఫోటో తీసుకునే రాతి వంతెన 1928లో కట్టింది. వార్సా పాత పట్టణమైతే 1944లో నాజీ సైన్యం పేల్చేసి కాల్చేశాక, యుద్ధం తర్వాత ఇటుక ఇటుకా పేర్చి తిరిగి కట్టారు. 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో వేసిన నగర చిత్రాలు కూడా వాళ్ళకు ఆధారమయ్యాయి. 1980లో యునెస్కో దాన్ని ఆ పునర్నిర్మాణం కోసమే గుర్తించింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు కొందరు "ఇదంతా కొత్తదేగా" అని పెదవి విరుస్తారు. పోగొట్టుకున్న ఊరిని మళ్ళీ నిలబెట్టుకోవడం కన్నా పెద్ద చరిత్ర ఏముంటుంది?

కింద కూడా చూస్తూ నడవండి. జర్మనీలోనూ, యూరప్‌లోని చాలా నగరాల్లోనూ ఇంటి ముందు కాలిబాటలో పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు కనిపిస్తాయి. నాజీలు తీసుకుపోయినవాళ్ళు తమ ఇష్టంతో చివరగా నివసించిన ఇంటి ముందు వాళ్ళ పేరు, పుట్టిన సంవత్సరం, ఏమయ్యారో చెక్కి పెడతారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన ఈ పలకలు ఇప్పటికి లక్ష దాటాయి. ఒంగితేనే చదవగలం. ఒంగి, పేరు పూర్తిగా చదవండి. ఒకే ఇంటి ముందు నాలుగైదు ఉంటే ఇంటిపేర్లు కలుస్తాయేమో, చిన్నవాళ్ళ వయసెంతో చూడండి.

నీళ్ళున్న చోట కూర్చోండి

కూర్చోవడానికి చోటు వెతుక్కుంటే పాత నీటి వసతి దగ్గర కూర్చోండి. పేట జనం నీళ్ళ కోసమే కలుసుకునేవాళ్ళు కాబట్టి ముఖ్యమైన దారులు చాలావరకు అక్కడికే వస్తాయి. కైరోలోని అల్ ముయిజ్ వీధి రెండుగా చీలే చోట 1744లో కట్టిన కత్‌ఖుదా సబీల్ ఉంది. కింద దారిన పోయేవాళ్ళకు తాగునీరు, పైన పిల్లలకు బడి ఉండేవి. రోమ్‌లో 1874 నుంచి పెట్టిన ఇనుప కుళాయిల్లో ఇప్పటికీ మంచినీళ్ళు వస్తూనే ఉంటాయి, సీసా నింపుకోండి.

పొద్దున్నే వెళ్ళండి, దుకాణాలు తెరవకముందు. షట్టర్లు మూసి ఉండగా గడపలు, మెట్ల అరుగుదల, మూలల్లో బండి చక్రాలు గోడను గీరకుండా పాతిన రాళ్ళు, అన్నీ కనిపిస్తాయి. ఏటవాలు వెలుగులో గోడల ఉబ్బులూ పాత అక్షరాలూ తేలతాయి. అదే వీధికి సాయంత్రం మళ్ళీ రండి, అప్పుడు మనుషులుంటారు. పెద్దవాళ్ళతో మాట కలిస్తే "ఇది ఎప్పటిది?" అని అడగకండి, సంవత్సరం వాళ్ళకు తెలియకపోతే ఇబ్బంది పడతారు. "మీ చిన్నప్పుడు ఈ మూల ఏముండేదండీ?" అని అడిగి చూడండి. వాళ్ళు చెయ్యి చూపించి చెప్పేది విని, ఆ చోటు పేరుతో సహా రాసిపెట్టుకోండి.

తిరిగి వెళ్ళేటప్పుడు కొత్త దారి వెతకొద్దు. వచ్చిన దారినే వెనక్కి నడవండి. వంకర వీధిలో వచ్చేటప్పుడు ఇంటి ఒక పక్క గోడ కనిపిస్తే, పోయేటప్పుడు రెండో పక్క కనిపిస్తుంది. మూసేసిన తలుపో, కూల్చేసిన పక్కింటి దూలపు గుంతో, సున్నం కింద పాత దుకాణం పేరో ఎక్కువగా ఆ రెండో పక్కనే దొరుకుతాయి.