హైదరాబాద్ జనాభా, ఆదాయం, ఇళ్ళ లెక్కలు మనమే చూసుకోవడం ఎలా

మా పెద్దమ్మ కొడుకు ఉప్పల్ వైపు కర్రీ పాయింట్ పెడదామనుకుంటూ "అక్కడ జనం ఎంతమంది, ఎంత సంపాదిస్తారు, అద్దెకుండేవాళ్ళు ఎందరు, కాస్త నెట్‌లో చూసి పెట్టరా" అన్నాడు. చూడబోతే హైదరాబాద్ జనాభా ఒకచోట 39 లక్షలు, ఒకచోట 70 లక్షల లోపు, ఇంకోచోట 77 లక్షలు, అన్నీ 2011 సెన్సస్ అనే రాసి ఉంది. చిత్రమేంటంటే అన్నీ కరెక్టే.

అందుకే ముందు ఏ హైదరాబాదో తేల్చుకోండి. 39.43 లక్షలు అంటే హైదరాబాద్ జిల్లా, అంటే 217 చదరపు కిలోమీటర్లే. 70 లక్షల లోపు అన్నది అప్పటి జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్. దానికి కంటోన్మెంట్ లాంటివి కలిపితే 77 లక్షల దాకా వస్తుంది. ఉప్పల్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అప్పట్లో రంగారెడ్డి జిల్లా కింద ఉండేవి కాబట్టి హైదరాబాద్ జిల్లా పట్టికలో ఎంత వెతికినా దొరకవు, నేను ఒక పూట అలాగే వెతికాను.

ఏ పదేళ్ళలో ఎంత పెరిగిందో చూసేటప్పుడు ఇంకా జాగ్రత్త. 2001లో పాత మున్సిపల్ కార్పొరేషన్ జనాభా 36 లక్షలు, 2011లో జీహెచ్‌ఎంసీ దాదాపు రెట్టింపు, అబ్బో అనుకుంటాం, కానీ 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపేశారు కదా, పోల్చకూడదు. హద్దు మారని వాటినే పోల్చండి. హైదరాబాద్ జిల్లా ఆ పదేళ్ళలో పెరిగింది 3 శాతమే, పాత రంగారెడ్డి 48 శాతం. ఊరు నడిమధ్యలో ఆగిపోయి అంచుల్లో పొంగిందన్నమాట, వ్యాపారం పెట్టేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలా విలువైంది.

ఇక ఆదాయం. మన సెన్సస్‌లో మీ జీతమెంత అని అడగరు, కాబట్టి అందులో వెతకొద్దు. జిల్లాల తలసరి ఆదాయం తెలంగాణ సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ అనే ప్రభుత్వ నివేదికలో ఏటా వస్తుంది, రంగారెడ్డి టాప్‌లో ఉంటుంది. అది చూసి అక్కడ అందరూ ధనవంతులే అనుకుంటే పొరపాటు, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పుట్టిన డబ్బంతా ఆ జిల్లా ఖాతాలో పడుతుంది, ఆ ఉద్యోగి కాపురం కూకట్‌పల్లిలో ఉన్నా సరే.

వీధి స్థాయిలో తెలియాలంటే నేను చేసేది వేరే. సెన్సస్ వెబ్‌సైట్‌లో హెచ్‌హెచ్-14 అని ఇళ్ళ పట్టిక ఉంటుంది, అది వార్డుల వారీగా దొరుకుతుంది. అందులో వందకి ఎన్ని కుటుంబాలకి కారు ఉంది, ఎన్నింటికి స్కూటర్, ఎన్నింటికి కంప్యూటర్, ఎన్ని ఇళ్ళు సొంతం, ఎన్ని అద్దె, ఇంట్లో ఎన్ని గదులు, ఎంతమంది మనుషులు, అన్నీ ఉంటాయి. కారు, కంప్యూటర్ కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే జేబు లెక్క తెలిసిపోతుంది. కర్రీ పాయింట్‌కి మాత్రం అద్దె శాతం, ఒకరిద్దరే ఉండే ఇళ్ళ శాతం, ఈ రెండూ చాలు, కూర కొనుక్కునేది వాళ్ళే కాబట్టి.

ఇళ్ళ రేట్లకి నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వాళ్ళ రెసిడెక్స్ అనే ఇళ్ళ ధరల సూచీ చూడండి, మూడు నెలలకోసారి వస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో కనిపించేది సర్కారు విలువ, బయట రేటు అది కాదు. కొత్త అపార్ట్‌మెంట్లు ఎన్ని వస్తున్నాయో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ప్రాజెక్టుల వారీగా ఫ్లాట్లు లెక్కపెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఈ సెన్సస్ లెక్కలన్నీ 2011 నాటివి. 2021లో జరగాల్సింది వాయిదా పడి, కొత్త సెన్సస్‌కి 2027 మార్చి 1 రిఫరెన్స్ తేదీగా, అంటే ఏ రోజు నాటి జనాభా అని లెక్క చూపిస్తారో ఆ తేదీగా పెట్టారు. ఈలోగా ఓటర్ల జాబితాతో సర్దుకుందామని మాత్రం చూడకండి, ఇక్కడ ఉంటూ ఓటు ఊళ్ళో ఉంచుకున్నవాళ్ళు ఎంతమందో ఎలక్షన్ ముందురోజు ఎల్‌బీనగర్‌లో బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని చూస్తే తెలుస్తుంది.

మా అన్నకి చివరికి చెప్పింది ఇదే: పట్టికలు చూసి రెండు వార్డులు ఎంచుకో, ఒక శనివారం, ఒక మంగళవారం రాత్రి 7 నుంచి 9 దాకా అక్కడ నిలబడు, టూలెట్ బోర్డులు, హాస్టళ్ళు, చేతిలో కర్రీ కవర్లతో వెళ్ళేవాళ్ళు, ఈ మూడూ కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టు, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వు.