పాత కంప్యూటర్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్: వానలకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతి చుట్టుపక్కల ఊళ్లను ముంచే వానలు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో వీధుల్లో పారిన నీళ్లు చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, తిరిగి వచ్చేటప్పుడు ఎంత హెచ్చు వోల్టేజీతో వస్తుందో తెలియదు కాబట్టి, అటక మీది పెంటియం కాలపు కంప్యూటర్‌ను దించి విండోస్ 98 స్థానంలో లినక్స్, ఫ్రీడాస్, నెట్‌బీఎస్‌డీ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కించాలనుకునేవారు సెప్టెంబరులోపే పని ముగించుకోవడం మంచిది. ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగితే చాలామంది కొత్త సిస్టమ్‌నే తిట్టుకుంటారు. ఇంత పాత యంత్రంలో లోపం ఎక్కువగా డిస్క్‌లోనో, విద్యుత్తులోనో, మెమరీలోనో ఉంటుంది. ఆ మూడింటినీ తేల్చుకోకుండా ఇన్‌స్టాలేషన్ సీడీని ముట్టుకోకూడదు.

ముందుగా పాత హార్డ్ డిస్క్‌ను విప్పి పక్కన పెట్టండి. దాని మీద ఏమీ రాయకండి. తిరుపతి, చిత్తూరులలో ఇలాంటి యంత్రాలు చాలావరకు డీటీపీ షాపుల నుంచి వచ్చినవే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పెళ్లి పత్రికలు, సంఘాల సావనీర్లు అందులో ఉంటాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ అక్షరాలు కావు కనుక ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే, అదే ఫాంటు, అదే సాఫ్ట్‌వేర్ లేనిచోట తెరిచినప్పుడు అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. అందుకే డిస్క్‌ను యూఎస్‌బీ కన్వర్టర్‌తో మంచి కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తం డిస్క్‌ను ఒకే ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలులోకి నకలుగా, తీసుకోవాలి. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఆపండి. ప్రతి అదనపు ప్రయత్నమూ అందులో మిగిలినదాన్ని కూడా పోగొట్టవచ్చు. ప్రింటర్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఉంటే దాన్ని ఆ డిస్క్‌తోపాటే ఒక కవరులో భద్రపరచండి. కొత్త సిస్టమ్‌కు వేరే డిస్క్ గాని, ఐడీఈ (పాత డిస్క్‌ల వెడల్పాటి తీగ) అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు గాని వాడండి. ఊళ్లో దొరకకపోతే చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెతకవచ్చు.

ఏళ్ల తరబడి ఊరకే ఉన్న యంత్రాన్ని దించగానే ప్లగ్గులో పెట్టకూడదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెట్టె అయితే, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న ఎర్ర స్విచ్ 115 మీద ఉందేమో చూడండి. మన 230 వోల్టులకు అది క్షణంలో పేలిపోతుంది. పెట్టె తెరిచి మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల పైభాగం ఉబ్బిందా, గోధుమరంగు ద్రవం కారిందా పరిశీలించండి. పెంటియంకు ముందుతరం ప్రాసెసర్లైన 386, 486ల బోర్డుల మీద టంకం వేసిన పీపా ఆకారపు బ్యాటరీ కారితే చుట్టూ పచ్చని తుప్పు కనిపిస్తుంది. ఆ బ్యాటరీని తీసేసి, ఆ చోటును వెనిగర్‌తో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఎస్‌ఎంపీఎస్‌ను, పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్‌ను మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసేసినా వాటిలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

యూపీఎస్ ఉందన్న ధైర్యం ఒక్కటే చాలదు. దానికి కంప్యూటర్ బదులు వంద వాట్ల పాత బల్బులు రెండు తగిలించి మెయిన్ ఆపి చూడండి. కొద్ది నిమిషాలైనా వెలగకపోతే బ్యాటరీ మార్చాలి, ఎందుకంటే పార్టిషన్లు (డిస్క్‌లోని విభాగాలు) రాసే సమయంలో కరెంటు పోతే మొదటినుంచి మొదలుపెట్టవలసిందే. ఉరుముల వేళ పవర్ ప్లగ్గుతోపాటు మేడల మీదుగా లాగిన లాన్ తీగను కూడా పీకేయాలి. పిడుగు దూరంగా పడినా ఆ తీగ గుండానే పోర్టు కాలిపోవచ్చు.

ఇక మెమరీ. ర్యామ్ ముక్కల అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, తిరిగి గట్టిగా నొక్కి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కనిపించినా ఆ ముక్కను తీసేయండి. ఇన్‌స్టాలేషన్ ఆగినప్పుడు మొదట చూడవలసింది అది ఎక్కడ ఆగిందన్నది. ప్రతిసారీ ఒకేచోట ఆగితే డ్రైవరో, కెర్నలో (సిస్టమ్‌కు మూలమైన భాగం), గీతలుపడ్డ సీడీయో కారణం; సీడీ మార్చి చూసి, అదే తీరుగా ఉంటే బూట్ వరుసలో, అంటే సిస్టమ్ లేచేటప్పుడు ఇచ్చే ఆదేశాల వరుసలో, నోమోడ్‌సెట్ (nomodeset) గాని, ఏసీపీఐ=ఆఫ్ (acpi=off) గాని ఇచ్చి చూడవచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మెమరీనో, వేడినో, ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించాలి. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం శ్రమ తప్పుతుంది.

ప్రాసెసర్‌కు తగిన సిస్టమ్‌ను ఎంచుకోకపోతే ఏ జాగ్రత్తా పనికిరాదు. లినక్స్ కెర్నల్ 3.8తోనే 386కు మద్దతు ఆగిపోయింది. లినక్స్ కూర్పుల్లో ఒకటైన డెబియన్ 12 ముప్పైరెండు బిట్ల కూర్పుకు ఐ686 తరగతి (పెంటియం ప్రో, ఆ తరువాతివి) ప్రాసెసర్ కావాలి. కనుక మొదటి పెంటియం, ఏఎండీ కె6 యంత్రాల మీద అది నడవదు. 2025లో వచ్చిన డెబియన్ 13లో ముప్పైరెండు బిట్ల పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. 486 యంత్రానికి ఫ్రీడాస్ గాని నెట్‌బీఎస్‌డీ గాని మేలు. మొదటితరం పెంటియం ఎం ల్యాప్‌టాప్ పీఏఈ (ఎక్కువ మెమరీని వాడుకునే సౌకర్యం) లేదని మొరాయిస్తే బూట్ వరుసలో ఫోర్స్‌పీఏఈ (forcepae) అని చేర్చండి.

పెద్ద డిస్క్ పెట్టగానే బయోస్ (యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్) దగ్గరే తెర ఆగిపోతే డిస్క్ చెడిందనుకోకండి. పాత బయోస్‌లకు 504 ఎంబీ, 8.4 జీబీ, 33.8 జీబీ, 137 జీబీ దగ్గర పరిమితులు ఉన్నాయి. కొన్ని డిస్క్‌లలో సామర్థ్యాన్ని 32 జీబీకి కుదించి చూపే జంపర్ (పిన్నుల మీద తగిలించే చిన్న ముక్క) ఉంటుంది. లినక్స్ లేచాక తన సొంత డ్రైవర్‌తో మొత్తం డిస్క్‌ను చూడగలదు, కానీ అది లేవడానికి కావలసిన బూట్ పార్టిషన్ బయోస్‌కు అందేచోట, అంటే డిస్క్ మొదట్లో, ఉండాలి.

పెన్ డ్రైవ్ నుంచి బూట్ కావడం ఆ కాలపు యంత్రాలకు తెలియదు. కొన్నిటికి సీడీ నుంచి కూడా తెలియదు. అప్పుడు ఫ్లాపీ నుంచి బూట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను లేపి సీడీకి దారి చూపించాలి. సీడీని తక్కువ వేగంతో రాయించి, ఫైలు చెడలేదని తేల్చే చెక్‌సమ్ సంఖ్యను సరిచూడండి. రీరైటబుల్ సీడీలను పాత డ్రైవులు సరిగా చదవవు.

చివరగా, గడియారాన్ని నడిపే నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ మార్చి, బయోస్‌లో తేదీ సరిచేయకుండా ఇంటర్నెట్‌కు కలపకండి. గడియారం 1999లోనే ఆగి ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నీ చెల్లవని, ప్యాకేజీల జాబితా ఇంకా అమల్లోకి రాలేదని తప్పులు వస్తాయి. వాటిని చూసి సర్వర్‌నో, కనెక్షన్‌నో తప్పుపట్టి గంటలు పోగొట్టుకునేవారు ఎక్కువ.