పిల్లికి షుగర్ వస్తే మేం నేర్చుకున్నవి

మా చింటూ తొమ్మిదేళ్ల మగపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఒళ్లు చేశాడు. పొద్దున నింపిన నీళ్ల గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంటే చెన్నై ఎండల వల్లేమో అనుకున్నాం. ఇసుక ట్రేలో మూత్రానికి నిమ్మకాయంత కట్టే ఉండలు బత్తాయంత అయ్యాయి. పెట్టిందంతా తిని మళ్లీ అడుగుతాడు, అయినా చిక్కిపోయి, నిమిరితే వెన్నెముక చేతికి గుచ్చుకునేది. ఇవన్నీ కలిసి కనిపిస్తే ఆగకండి. వెనక మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే షుగర్ నరాల దాకా వెళ్లిందేమో చూపించాలి.

పెరంబూర్ నుంచి వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తే దారంతా అరుపులే. బెదిరినా పిల్లి రక్తంలో షుగర్ పెరుగుతుంది. అందుకే ఒక్క రీడింగ్‌తో తేల్చకుండా మూత్రం కూడా చూస్తారు. ఫ్రక్టోసమైన్ పరీక్షయితే గత ఒకటి రెండు వారాల సంగతి చెబుతుంది.

ఇన్సులిన్ రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో. మాకు ఏడూ ఏడూ. తింటుండగా పక్కన చర్మం పైకి పట్టుకుని పొడిస్తే తల కూడా ఎత్తడు. భయమంతా సిరంజితోనే. మా అత్తయ్యకూ షుగరే. ఆవిడది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసా, ఎర్ర మూత సిరంజి. చింటూకి రాసిన గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజే వాడాలి. ఒక సాయంత్రం మా ఆయన తొందరలో మందు లాగేశారు. బల్ల మీద ఎర్ర మూత కనబడగానే చేయి పట్టుకుని ఆపాను. వాడి డోసు ఒక యూనిట్. ఆ సిరంజిలో ఒకటి దాకా లాగితే వెళ్లేది రెండున్నర! అప్పట్నుంచి రెండూ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, వేసిన వెంటనే క్యాలెండర్‌లో టిక్ పెడుతున్నాం.

వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకి మానేయండి, రెండోసారి వేయొద్దు. తిండి ముట్టకపోతే వేసే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తూలినా, వణికినా షుగర్ పడిపోయిందేమో. చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. తిండి మానేసి వాంతులు చేసుకుంటున్నా అదే రోజు చూపించాలి.

వాడికి అలవాటైన పెరుగన్నం మాన్పించి, పిండిపదార్థం తక్కువుండే మాంసాహారం తడి తిండికి మార్చాం. తిండి మారితే ఇన్సులిన్ అవసరం తగ్గొచ్చు. కాబట్టి డాక్టర్‌కి చెప్పే మార్చండి, డోసు మీ అంతట మీరు ముట్టుకోకండి. త్వరగా మొదలుపెడితే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ ఆపగలిగే రోజు కూడా వస్తుంది. మేం ఆ రోజు కోసమే చూస్తున్నాం.